నా కాలిని రెండుసార్లు కొలిచారు: సదరం తనిఖీలో నా అనుభవం

వికలాంగుల పింఛన్ తీసుకునేవాళ్లను ప్రభుత్వం సదరంలో, అంటే వైకల్యం శాతం కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షలో, మళ్లీ తనిఖీ చేయిస్తోంది. అప్పీలు చేసుకున్నవాళ్లలో మా మండలంలో ఇంకా కొంతమందికి రెండో తనిఖీ తేదీలు రావాల్సి ఉంది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా పని చూసుకుని పోకుండా "అక్కా, అక్కడ ఏం అడుగుతారు? ఎంతసేపు పడుతుంది? పింఛన్ తీసేస్తారా?" అని కూర్చుంటున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకేసారి రాసిపెడితే మేలనిపించింది. ముందే ఒక మాట చెప్పేస్తా. మనం ఎంత కష్టపడి బతుకుతున్నామో ఆ గదిలో ఎవరూ చూడరు. కొలతకు దొరికేదే చూస్తారు. కాబట్టి కొలవాల్సింది కొలిచారా లేదా అన్నది మనమే గమనించుకోవాలి.

నా వయసు 42. ఊరు చిత్తూరు దగ్గర ఒక పల్లె. రెండేళ్లప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. పదకొండేళ్లప్పుడు తిరుపతి బర్డ్ ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు, క్యాలిపర్ (కాలికి ఊతంగా కట్టుకునే పట్టీల చట్రం) కూడా అక్కడే ఇచ్చారు. పదో తరగతి తర్వాత టైలరింగ్ నేర్చుకుని ఇప్పటిదాకా అదే పని. 2011లో సదరం క్యాంపులో 61 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చారు. పింఛన్ అప్పటి నుంచీ వస్తోంది.

అప్పట్లో నెలకు 500. 2014 అక్టోబరులో 1,000 అయింది, 2019లో 3,000, 2024 జులై నుంచి 6,000. అయిదు వందలున్నప్పుడు నా కాలి గురించి ఎవరికీ అనుమానం రాలేదు. ఆరు వేలయ్యాక ఊళ్లో చూపులు మారాయి. "నీకేం మా, ఇంట్లో కూర్చుంటే ఒకటో తేదీ గడప దగ్గరికి డబ్బులు తెచ్చిస్తారు" అన్నవాళ్లున్నారు. దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను. చెవుడని పింఛన్ తీసుకుంటూ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడేవాళ్లను నేనూ చూశా. వాళ్లను ఏరివేయాలంటే అందరినీ ఒకసారి పిలిచి చూడక తప్పదు. ఆ సంగతి ఒప్పుకుంటూనే మిగతాది చెప్తున్నా.

ఈ తనిఖీ 2025 జనవరిలో మొదలైంది. ముందు మంచం మీదే ఉండి నెలకు 15,000 తీసుకునేవాళ్ల ఇళ్లకు డాక్టర్లు వచ్చారు. మా పక్క వీధిలో యాక్సిడెంట్‌లో నడుము విరిగినాయన ఇంటికి జీపు వచ్చిన రోజు సగం ఊరు అక్కడే ఉంది. ఆయన్ని పక్కకు తిప్పి చూస్తుంటే కిటికీలోంచి పిల్లలు తొంగి చూస్తున్నారు. ఆయన భార్య తలుపు వేసేసింది. ఆ తర్వాత ఆరు వేల వాళ్ల వంతు వస్తుందని, మనల్ని ఆస్పత్రికే పిలుస్తారని అందరికీ అర్థమైంది. అప్పటి నుంచి టెన్షనే. గ్రామ సచివాలయం నుంచి ఎవరు వీధిలోకి వచ్చినా నా చేతిలో సూది ఆగిపోయేది.

నా నోటీసు మార్చి మూడో వారంలో వచ్చింది. ఉగాది జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. వెల్ఫేర్ అసిస్టెంట్ ఇంటికొచ్చి కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకుంది. "అక్కా, ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికంతా ఆస్పత్రిలో ఉండాల. ఆధార్, పాత సదరం సర్టిఫికెట్, ఫొటో తీసుకుపోండి. పోకపోతే పింఛన్ హోల్డ్‌లో పెడతారంట" అంది. మధ్యలో ఉన్నది ఒక్క రోజు. మీకూ ఇంతే వ్యవధి ఉంటుంది. నోటీసు వచ్చాక కాగితాలు వెతుక్కుందాం అనుకోకండి, ఇప్పుడే ఒక కవర్లో పెట్టుకోండి.

మాకు వేసింది జిల్లాలోనే ఒక ప్రభుత్వ ఆస్పత్రి. పేరు రాయను. నేను, మా ఆయన ఎనిమిదికి ముందే చేరాం. అప్పటికే వరండా నిండిపోయింది. నడవలేనివాళ్లను పిలిచిన చోట కూర్చోవడానికి ఉన్నవి నాలుగైదు బెంచీలు. చంకకర్రల వాళ్లు గోడకానుకుని నిలబడ్డారు, కొందరు నేల మీదే కూర్చున్నారు. బాత్రూమ్ వెనకవైపు, మూడు మెట్లు దిగాలి. నేను పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేశా, ఆ మెట్లు చూసి.

నా టోకెన్ మధ్యాహ్నం రెండు దాటాక పిలిచారు. ఎముకల డాక్టర్ కుర్రవాడు. పొద్దుటి నుంచి కుర్చీలోంచి లేచినట్టు లేడు, టీ గ్లాసు మీద ఈగ వాలి ఉంది. పాత సర్టిఫికెట్ చూశాడు. "నడవండి" అన్నాడు. నడిచా. "వంగండి" అన్నాడు. వంగా. క్యాలిపర్ పట్టీలు విప్పబోతే "అక్కర్లేదమ్మా, ఉండనీ, బయట ఇంకా చాలామంది ఉన్నారు" అన్నాడు. కంప్యూటర్ దగ్గర కూర్చున్నతనితో ఇంగ్లిష్‌లో ఏదో చెప్పాడు. వేలిముద్ర వేయించుకున్నారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఎంత శాతం వేశారని అడిగితే "ఆన్‌లైన్‌లో వస్తుంది, మీ సచివాలయంలో చెప్తారు" అన్నారు.

ఆ నడక గురించి చెప్పాలి. నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్నప్పుడు మా అమ్మ సాయంత్రం పూట వాకిట్లో నన్ను అటూ ఇటూ నడిపించేది. "భుజం ఒంచకు. అడుగు చిన్నదిగా వెయ్యి. కుడి కాలి మీద ఎక్కువసేపు ఉండొద్దు" అని చెప్పి చెప్పి, క్యాలిపర్ మీద చీర కుచ్చిళ్లు పడేట్టు సర్దేది. అలా నేర్చుకున్న నడకతోనే ఇన్నేళ్లు బజారుకు పోయా, పెళ్లిళ్లకు పోయా, బస్సుల్లో తిరిగా. కొత్తవాళ్లు చాలామంది గుర్తుపట్టరు కూడా. అది నా గొప్ప అనుకునేదాన్ని. ఆ గదిలో ఆ నడకే నాకు ఎదురు సాక్ష్యం చెప్పింది.

ఆ రోజు ఇద్దరికీ బస్సు, ఆటోలు, టిఫిన్ అన్నీ కలిపి ఎనిమిది వందల పైనే అయింది. పోయిన పని లెక్క వేరే.

ఏప్రిల్, మే, జూన్, జులై ఏ కబురూ లేదు. ఒకటో తేదీ పింఛన్ మామూలుగా వచ్చేది. తెచ్చిచ్చే వెల్ఫేర్ అసిస్టెంట్ అమ్మాయిని ప్రతిసారీ అడిగేదాన్ని, "లాగిన్‌లో ఇంకా ఏమీ కనబడ్డంలే అక్కా" అనేది. ఆ వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయింది. మా ఆయన కోత పనులకు పోతాడు. రైతుకే గిట్టుబాటు కాకపోతే కూలికి ఏం మిగులుతుంది? జూన్ నుంచి ఇల్లు నడిచింది నా మిషన్ మీద, ఆ ఆరు వేల మీద. అందులోంచే డ్వాక్రా కంతు, పాప పాలిటెక్నిక్ హాస్టల్ ఖర్చు.

ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. ఆ హడావుడి అయ్యాక, మరుసటి వారం నోటీసు వచ్చింది. పునఃపరిశీలనలో నా వైకల్యం 36 శాతం అని తేలిందట. అది కూడా తాత్కాలికమట. 40 శాతానికి తక్కువ కాబట్టి పింఛన్‌కు అనర్హురాలిని, సెప్టెంబరు నుంచి ఆపేస్తారు, అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకోవచ్చు అని ఉంది.

నలభై ఏళ్ల నాటి పోలియో తాత్కాలికం ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. కోపం కంటే ముందు సిగ్గు వేసింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇన్నేళ్లు నేను తినకూడని డబ్బు తిన్నట్టు, అది పట్టుకుని కాగితం మీద రాసిచ్చినట్టు అనిపించింది. పక్కింటామె "ఏం వచ్చింది మా, కరెంటు బిల్లా?" అంటే అవునన్నా. మా ఆయన చదివి "పోతే పోనీలే, నువ్వు మిషన్ కుడతా ఉండావు కదా, బతకలేమా" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోలేదు.

రెండు మూడు రోజుల్లో తెలిసింది, మా ఊళ్లోనే చాలామందికి వచ్చాయని. అప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది. ఒక్కదానికే అయితే నా తప్పేమో అనుకుంటాం, పదిమందికి వస్తే పద్ధతిలో ఏదో ఉందని తెలుస్తుంది.

అప్పీలు పల్లెల్లో అయితే ఎంపీడీవో ఆఫీసులో, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో ఇవ్వాలి. మేం పోయిన రోజు ఆఫీసు ఎదురుగా చింతచెట్టు కింద అర్జీలు రాసేవాళ్లు ఇద్దరు కూర్చున్నారు, అర్జీకి 50 రూపాయలు. పక్కన జెరాక్స్ షాపులో రెండు రూపాయల కాపీ ఆ రోజు అయిదు రూపాయలు అయింది. అర్జీ రాసేవాళ్లు అందరికీ ఒకే మాట రాస్తున్నారు: "నేను నిరుపేదరాలిని, పింఛన్ తప్ప వేరే ఆధారం లేదు, దయచేసి కొనసాగించగలరు." నేను నాది నేనే రాసుకున్నా. మార్చిలో పరీక్ష చేసినప్పుడు క్యాలిపర్ తీసి చూడలేదు, కాలి పొడవు కొలవలేదు, కండరాల బలం చూడలేదు, కాబట్టి మళ్లీ పరీక్ష చేయాలి అని. అర్జీ తీసుకున్న క్లర్క్ అది చదివి "ఇట్లా రాస్తే మంచిదే మా" అన్నాడు. పేదరికం అక్కడ ఎవరూ కాదనడం లేదు. వాళ్లు అడిగేది శాతం గురించి. శాతం ఎందుకు తప్పో రాస్తేనే దానికి జవాబు దొరుకుతుంది.

అర్జీతో నోటీసు కాపీ, ఆధార్, పాత సదరం సర్టిఫికెట్ పెట్టా. ఇంకో కాపీ మీద స్టాంపు వేయించుకున్నా. వేయమని అడిగితే కొంచెం విసుక్కున్నారు గానీ వేశారు. అది తప్పకుండా అడగండి. మా ఊరి పెద్దాయన ఒకరు స్టాంపు లేకుండా వచ్చి, తర్వాత లాగిన్‌లో మీ అర్జీ లేదంటే మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సి వచ్చింది.

అదే చెట్టు కింద ఒకతను దగ్గరికొచ్చి "అక్కా, పదివేలిస్తే అరవై శాతం వేయిస్తా, నాకు లోపల మనుషులున్నారు" అన్నాడు. ఇలాంటివాళ్లు మీకూ తగులుతారు. ఏ ఆస్పత్రికి వేస్తారో, ఏ డాక్టర్ చూస్తాడో అప్పటికి మాకే తెలియదు. వాడికెలా తెలుస్తుంది?

మా అమ్మ ట్రంకు పెట్టెలో బర్డ్ ఆస్పత్రి డిశ్చార్జి చీటీ దొరికింది. 1994 నాటిది. మడతల దగ్గర చిరిగి, పెళ్లి పత్రికల మధ్యలో ఉంది. డాక్టర్ చేతిరాతలో ఎడమ కాలు అని, పక్కన పి.పి.ఆర్.పి. అని, కింద ఆపరేషన్ పేరు. లామినేషన్ చేయిద్దామంటే పాప వద్దంది, ఒరిజినల్ అలాగే ఉండనీ అని ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. ఫోన్‌లో ఫొటో కూడా తీసింది.

వినాయక చవితి అయిన తర్వాత సోమవారం సెప్టెంబరు 1. పింఛన్ రాదనే అనుకున్నా. ఏడున్నరకు వెల్ఫేర్ అసిస్టెంట్ వచ్చి "అప్పీలు పెట్టినారు కదక్కా, తేలేదాకా ఇస్తారు" అని ఆరు వేలూ లెక్కపెట్టి ఇచ్చింది. ఆ డబ్బు ఖర్చు పెట్టాలంటే భయం వేసింది, తర్వాత వెనక్కి కట్టమంటారేమోనని. ఎవరూ అడగలేదు. అక్టోబరులోనూ వచ్చింది.

రెండో తేదీ దీపావళి తర్వాత పడింది. అక్టోబరు చివరి వారం. ఈసారి తిరుపతిలో. అప్పీలు ఇచ్చి రెండు నెలలు దాటింది. నోటీసు మళ్లీ రెండు రోజుల ముందే. బయట ఒకటే వాన.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, నాకు జీరో టికెట్ కొట్టి మా ఆయనకు డబ్బులు తీసుకున్నారు. ఛార్జీ మిగిలింది గానీ సీటు మిగల్లేదు. వికలాంగుల సీట్లో ఇద్దరు కూర్చుని ఉన్నారు, కండక్టర్ చెప్పాక ఒకామె లేచింది. మార్చిలో అయితే ఆ బస్సులో సగం ఖాళీ. క్యాలిపర్ వేసుకునేవాళ్లు వానలో జాగ్రత్త. తడిసిన తోలు పట్టీ ఎండేదాకా ఒరుసుకుంటుంది, బూటు అడుగు మెట్ల మీద జారుతుంది. నేను ఆటో దిగేటప్పుడు పడబోయి మా ఆయన మెడ పట్టుకున్నా.

ఆస్పత్రిలో పొద్దున ఏడింటికి కూర్చుంటే పిలిచింది పన్నెండున్నరకు. ఆ మధ్యలో నా పక్కన కూర్చున్న ఇద్దరి సంగతి చెప్తా, ఎందుకంటే అలాంటి కేసులు చాలా ఉంటాయి.

ఒకాయనకు పత్తి చేలో పని చేస్తుండగా కన్ను పోయిందట. ఎడమ కన్ను అసలే లేదు, కుడి కన్ను బాగానే ఉంది. "ఏంది మా, ఒక కన్ను పూర్తిగా పోయినా నలభై శాతం కాదంటారే" అని అందరినీ అడుగుతున్నాడు. అక్కడి నర్సు ఓపిగ్గా చెప్పింది, "తాతా, ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే రూల్ ప్రకారం 30 శాతమే." మళ్లీ చూసినా అదే వస్తుందని ఆమెకు తెలుసు. ఆయనకూ తెలిసిపోయింది. అయినా లైన్లోంచి లేవలేదు. "అంత దూరం నుంచి వచ్చినా కదా, చూపించుకునే పోతా" అన్నాడు.

ఇంకొకామె పలమనేరు వైపు నుంచి అయిదేళ్ల బాబుతో వచ్చింది. బాబుకు పుట్టు చెవుడు. చిన్నపిల్లలకు బెరా అనే పరీక్ష చేస్తారు, తలకు వైర్లు అంటించి శబ్దం పంపి చూస్తారు. పిల్లాడు కదలకుండా నిద్రపోవాలి. అందుకని ఆమె రాత్రంతా వాణ్ణి మేలుకొలిపి ఉంచిందట. బస్సులో కూడా నిద్రపోనివ్వకుండా బిస్కెట్లు ఇస్తూ, గిచ్చుతూ తెచ్చింది. నిద్రకు సిరప్ పోశారు. వాడు పడుకున్నాడు. వీళ్ల వంతు వచ్చేసరికి లేచి కూర్చుని ఏడుపు. మళ్లీ ఇంకో తేదీ ఇచ్చారు. ఆమె ఏమీ అనలేదు, బాబును చంకనేసుకుని వెళ్లిపోయింది. నాకే కళ్లల్లో నీళ్లొచ్చాయి.

తొమ్మిదింటికి మా ఆయన అన్న క్యాంటీన్‌కు వెళ్లి టిఫిన్ చేసొచ్చాడు, అయిదు రూపాయలకు ఇడ్లీ. ప్లేటు బయటికి ఇవ్వరని నాకు బండి మీద పార్శిల్ తెచ్చాడు, నలభై రూపాయలు. మీరు ఇంటి నుంచే డబ్బా కట్టుకుపోండి.

ఇక లోపల. ఈసారి పెద్ద డాక్టర్ ఒకాయన, ఒక ఫిజియోథెరపిస్ట్ మేడమ్. కూర్చోగానే నేనే అన్నా, "సార్, మార్చిలో క్యాలిపర్ తీసి చూడలేదు, ఈసారి తీసి చూడండి." ఆయన తలెత్తి చూసి "తీయకుండా ఎట్లా చూస్తారమ్మా" అన్నాడు.

తీయడానికి టైమ్ పట్టింది. మోకాలి దగ్గర లాక్, తొడ పట్టీ, పిక్క పట్టీ, బూటు లేసులు. తడి తోలు బిగుసుకుపోయి పిన్ను రావడం లేదు. మేడమ్ వంగి సాయం చేసింది. కాలు బయటికొచ్చాక పట్టీలున్న చోట ఎర్రగా చారలు. నాకు ఆ కాలును వెలుతురులో ఇంకొకరికి చూపించడం అలవాటు లేదు. ఇంట్లో కూడా దీపం ఆర్పాకే తీస్తా. ఆడవాళ్లకు ఒక మాట, చీర కట్టుకుని పోకండి. లూజు ప్యాంటు ఉన్న పంజాబీ డ్రెస్ అయితే తొడ దాకా మడవొచ్చు, ఇబ్బంది తగ్గుతుంది. నేను చీరలో వెళ్లి మేడమ్‌ను తెర వేయమని అడగాల్సి వచ్చింది. అడిగితే వేస్తారు.

మేడమ్ టేపు తీసింది. నడుము ఎముక కొన నుంచి చీలమండ లోపలి గుబ్బ దాకా, ముందు కుడి కాలు, తర్వాత ఎడమ కాలు. నా చేతిలో పాతికేళ్లుగా టేపే కదా, కళ్లు దాని మీదే ఉన్నాయి. ఎడమ కాలి దగ్గర టేపు మోకాలి మీద వదులుగా జారింది. "మేడమ్, టేపు లూజుగా ఉంది" అనేశా. ఆమె నవ్వి "టైలరా?" అంది. మళ్లీ లాగి పెట్టి కొలిచింది. అయిదు సెంటీమీటర్ల తేడా. అంటే రెండంగుళాలు. తర్వాత రెండు తొడల చుట్టుకొలత, రెండు పిక్కల చుట్టుకొలత. జాకెట్‌కు చేతి లూజు తీసినట్టే తీసింది.

తర్వాత బలం చూశారు. "నా చేతిని తొయ్యి మా. పైకెత్తు. లోపలికి లాగు. బొటనవేలు ఎత్తు." ఒక్కో కండరానికి సున్నా నుంచి అయిదు దాకా మార్కు. అయిదు మామూలు బలం, సున్నా అంటే అసలు కదలిక లేనట్టు. చీలమండ దగ్గర "సున్నా" అని ఆమె చెప్తుంటే కుర్రాడు రాసుకుంటున్నాడు. నేను నిజంగానే ఎత్తడానికి ప్రయత్నిస్తున్నా, నుదుటి మీద చెమట. వేలు కదల్లేదు.

మధ్యలో పెద్ద డాక్టర్ బయటికి చూసి కేకేశాడు. నలుగురైదుగురు కుర్ర డాక్టర్లు వచ్చారు. "పోలియో కాలు. బాగా చూసుకోండి, ఇక మీకు కొత్త కేసు దొరకదు" అన్నాడు. నన్ను అడిగే అన్నాడు, "చూడొచ్చా అమ్మా?" అని. సరే అన్నా. మన దేశంలో సహజ వైరస్‌తో వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో. ఆ పిల్లలు అప్పటికి బడిలో ఉండి ఉంటారు. ఒకమ్మాయి నా పాదం పట్టుకుని ఎంత చల్లగా ఉందో అంది. మొదట ఒళ్లు ముడుచుకుపోయింది. తర్వాత మార్చిలో నన్ను చూసిన కుర్ర డాక్టర్ గుర్తొచ్చాడు. అతనూ ఇలాంటి కాలును పుస్తకంలో తప్ప చూసి ఉండడు. ఆ మాట అనుకున్నాక అతని మీద కోపం కొంచెం తగ్గింది. రోజుకు అంతమందిని అతని ముందు నిలబెట్టినవాళ్ల మీద మాత్రం తగ్గలేదు.

బర్డ్ చీటీ ఇచ్చా. పెద్దాయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివాడు. పి.పి.ఆర్.పి. అంటే పోలియో తర్వాత మిగిలిపోయిన చచ్చుబాటని, అది తగ్గేది కాదని మేడమ్ చెప్పింది. ఆ చీటీ ఉంటే శాశ్వతం అని రాయడానికి ఇబ్బంది ఉండదట. మీ దగ్గర ఎంత పాత కాగితమైనా పారేయకండి.

ఒక ప్రశ్న దగ్గర మాత్రం గుండె జారింది. "మిషన్ కుడతానంటున్నావు, కాలితోనే కదా తొక్కుతావు?" అని అడిగాడాయన. మా మిషన్‌కు మోటారు ఉందని, పెడల్ కుడి కాలితో నొక్కుతానని చెప్పా. ఫోన్‌లో ఫొటో చూపించా. సరేనన్నాడు. పని చేసుకుంటున్నామని దాచక్కర్లేదు, ఎలా చేస్తున్నామో చెప్తే చాలు.

శాతం ఎలా వేస్తారని మేడమ్‌ను అడిగా. కాలు పొట్టి అయితే మొదటి అరంగుళానికి ఏమీ రాదట. ఆ తర్వాత ప్రతి అరంగుళానికి 4 శాతం. అంటే నా రెండంగుళాలకు 12. కండరాల బలహీనతకు వేరే లెక్క. ఆ రెండూ నేరుగా కూడరు. పెద్ద అంకెను అలాగే ఉంచి, చిన్నదాంట్లో కొంత భాగమే కలుపుతారు, దానికొక సూత్రం ఉంది. అందుకే మనం ఇంట్లో వేసుకున్న లెక్కా వాళ్ల లెక్కా కలవదు. మార్చిలో ఈ 12 అసలు లెక్కలోకే రాలేదు కదా అనుకున్నా.

ఎక్స్‌రే కూడా తీశారు, డబ్బులు తీసుకోలేదు. బయటికొచ్చేసరికి మూడు దాటింది. ఈసారీ శాతం చెప్పలేదు. "బాగానే చూశాం, వెళ్లు మా" అన్నారు. ఆ ఒక్క మాటకే తిరుగు బస్సులో నిద్రపట్టింది.

నవంబరంతా మళ్లీ ఎదురుచూపులు. డిసెంబరు మొదటి వారంలో సచివాలయం నుంచి ఫోన్ వచ్చింది. 54 శాతం, శాశ్వతం. పింఛన్ కొనసాగుతుంది. నేను ఫోన్ పట్టుకుని ఏం మాట్లాడాలో తెలియక "సరే మా, సరే మా" అంటూనే ఉన్నా. మా ఆయన పొలం నుంచి వచ్చాక చెప్తే తువ్వాలు భుజాన వేసుకుని బయటికెళ్లి మైసూర్ పాక్ తెచ్చాడు.

2011లో 61 ఉన్నది ఇప్పుడు 54 ఎందుకయిందని కొందరు అడిగారు. కాలేమీ బాగుపడలేదు. కొలిచే మార్గదర్శకాలు కేంద్రం 2018లో ఒకసారి, 2024 మార్చిలో ఇంకోసారి మార్చింది. నేను దాని మీద మళ్లీ అర్జీ పెట్టలేదు. పింఛన్‌కు కావాల్సింది 40, అది దాటింది.

పత్తి చేలో కన్ను పోయినాయన నంబరు తీసుకున్నా, ఫోన్ చేశా. అనుకున్నట్టే 30 శాతం వచ్చింది. అరవై దాటినాయన కాబట్టి వృద్ధాప్య పింఛన్‌కు మార్చారు, నెలకు 4,000. "రెండు వేలు పోయినా అసలుకు మోసం రాలే మా" అన్నాడు. అరవై నిండనివాళ్లలో చాలామందికి ఆ దారి కూడా లేదు. మా మండలంలోనే ఒక్క కన్ను ఉన్న కుర్రాడొకడికి పింఛన్ పూర్తిగా ఆగింది. వాడు ఇప్పుడు చిత్తూరులో హోటల్లో ప్లేట్లు కడుగుతున్నాడు. బాబు తల్లి నంబరు తీసుకోవాలని అప్పుడు తోచలేదు.

మొత్తం ఖర్చు రెండు వేలకు అటూ ఇటూ అయింది, బస్సు ఉచితం కాకపోతే ఇంకొంచెం. ఈ తిరుగుళ్లలో వదులుకున్న కుట్టు పని దానికంటే ఎక్కువ. ఇద్దరు పాత కస్టమర్లు వేరే చోట కుట్టించుకున్నారు, ఇంకా తిరిగి రాలేదు.

కొత్త సదరం సర్టిఫికెట్ సచివాలయంలో ప్రింట్ తీసిచ్చారు. పేరు, ఆధార్ నంబరు అక్కడే నిలబడి సరిచూసుకున్నా. యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) మీద మాత్రం ఇంకా పాత 61 శాతమే ఉంది. 61కీ 54కీ పసుపు గీత కార్డే కాబట్టి రంగు మారదు, అంకె మార్చాలి. దానికి ఆన్‌లైన్‌లో పెట్టబోతే సర్వర్ పనిచేయలేదు, మళ్లీ రమ్మన్నారు. సంక్రాంతి జాకెట్లు అయ్యాక వెళ్తా.